జావా పల్లెలో ఒక మడికి ఎన్ని పాళ్లు

ఇండోనేషియాలోని మధ్య జావాలో ఎక్కడో పావు బాహు మాగాణి ఉందనుకుందాం. మన లెక్కలో 44 సెంట్లకు కాస్త అటూ ఇటూ. గట్టు మీద ఎవరినైనా ఆపి ఈ మడి ఎవరిదని అడిగితే ఒక పేరు చటుక్కున చెబుతారు. ఇంకో పూట అక్కడే కూర్చుంటే ఆ పేరు వెనక పెద్ద వరసే ఉందని తెలుస్తుంది. కాగితం ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది. పెద్దకొడుకు జకార్తాలో ఉంటాడు. చెల్లెలి భాగం తెగలేదు. తల్లి ఆసుపత్రి ఖర్చుకు రెండేళ్ల కిందట మడిని పక్క వాడ ఆసామికి తాకట్టు పెట్టారు కాబట్టి సాగు హక్కు ప్రస్తుతం ఆయనది. ఆయన దున్నడు, ఇంకొకరికి సంగోరుకి, అంటే పంటలో పాలు మీద, ఇచ్చాడు. నాట్లు వేసి కలుపు తీసిన ముగ్గురు ఆడవాళ్లు కూలి డబ్బు తీసుకోలేదు, కోతలో పాలు ఉందన్న మాట మీద పనిచేశారు. కాలవ నీళ్లు వంతుల ప్రకారం వదిలే ఊరి ఉద్యోగికి నూర్పిళ్లయ్యాక కొంత ధాన్యం ముట్టాలి. ఇది ఊహించిన మడే. కానీ ఇందులో ఏ ఏర్పాటూ జావాకు కొత్త కాదు.

జావా పల్లెల గురించి రాసేవాళ్లు చాలామంది 'జనం ఎక్కువ, భూమి తక్కువ' అన్న దగ్గరే ఆగిపోతారు. అది నిజమే గానీ సగమే. భూమిని ముక్కలు చేయడానికి ఒక హద్దు ఉంటుంది, గట్టు వేయడానికైనా చోటుండాలి కదా. హక్కును ముక్కలు చేయడానికి ఆ హద్దు లేదు. జావా రైతులు తరతరాలుగా చేసిన పని ఇదే. రెండు వందల ఏళ్లుగా వచ్చిన ప్రభుత్వాలు చాలావరకు ఒక మడికి ఒక పేరు రాయాలని చూశాయి. పేరు స్పష్టమైన కొద్దీ దాని కింద ఉన్న పాళ్లు ఒక్కొక్కటీ చెరుగుతూ వచ్చాయి. చెరిగినవి ఎక్కువగా భూమి లేనివాళ్లవి, వాళ్లలోనూ ఆడవాళ్లవి.

బాహు అన్న మాట మన బాహువే. జావా భాషలో భుజానికీ, పని చేసే మనిషికీ, పొలం కొలతకీ అదే మాట. డచ్చివారి కాలంలో అది సుమారు 7,100 చదరపు మీటర్లుగా, అంటే ఎకరం ముప్పాతికగా స్థిరపడింది. ఊరిని దేసా అంటారు, గొడ్డూగోదాను రాజకాయ అంటారు. ద్వీపం మొత్తం ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కన్నా చిన్నది, 2020 జనగణనలో జనం మాత్రం 15 కోట్లు దాటారు. ఇండోనేషియా వ్యవసాయ గణన అర హెక్టారు, అంటే ఎకరం పావు కన్నా తక్కువ సాగు చేసే కుటుంబాలను 'గురెమ్' అని వేరుగా లెక్కిస్తుంది. 2013లో దేశం మొత్తం మీద అలాంటివి నూటికి 55 ఉంటే, 2023కి దాదాపు 61 అయ్యాయి. సంఖ్యలో చూస్తే 1.68 కోట్లకు పైనే. వాటిలో ఎక్కువ జావాలోనే ఉన్నాయి.

పెరడు ఉంటేనే ఊరివాడు

దూరం నుంచి చూస్తే జావా పల్లె కనిపించదు, చెట్ల గుంపు కనిపిస్తుంది. ఇళ్లన్నీ పెరళ్ల లోపల దాక్కుని ఉంటాయి. పెకరంగన్ అనే ఆ పెరట్లో కొబ్బరి, అరటి, పనస, బొప్పాయి, కర్రపెండలం, కింద అల్లం, పసుపు, ఒక మూల కోళ్ల గూడు. మాగాణిని సావా అంటారు, మెట్టను తెగలన్ అంటారు. మాగాణి లేని కుటుంబాలు బోలెడు, పెరడు కూడా లేనివాళ్లు తక్కువ. కూరా నారా, వంటచెరకు, సంతలో నాలుగు డబ్బులు, అన్నీ అక్కడినుంచే. సంత వారానికోసారి కాదు. లెగి, పహింగ్, పొన్, వాగె, క్లివొన్ అని జావాకు ఐదు రోజుల వారం వేరే ఉంది, పాత సంతలు ఆ లెక్కన నడుస్తాయి. అమ్మేదీ కొనేదీ ఎక్కువగా ఆడవాళ్లే, ఇంటి డబ్బూ వాళ్ల చేతిలోనే.

పెరట్లో ఉన్న ఇల్లు ఆ నేలకు అంటుకున్నది కాదు. వెదురు తడికల గోడలూ, మేకులు లేకుండా కూర్చిన టేకు స్తంభాలూ ఉన్న పాతకాలపు ఇంటిని విప్పి మోసుకుపోవచ్చు. నేల ఒకరిది, ఇల్లు ఒకరిది, ఇంటి ముందు కొబ్బరిచెట్టు మూడో మనిషిది కావడం ఆచారంలో ఉన్నదే. నేలనూ దాని మీద ఉన్నదాన్నీ విడివిడిగా చూసే ఈ పద్ధతిని దేశపు భూమి చట్టం కూడా ఆచారం నుంచే తీసుకుంది. జోగ్లో అనే ఎత్తు కప్పు ఇళ్లను విప్పించి నగరాల్లో హోటళ్లకూ విల్లాలకూ అమ్మే వ్యాపారం సాగుతున్నదంటే ఈ పాత సూత్రం వల్లే. అమ్మినవాళ్లకు నేల మిగులుతుంది, దాని మీద ఇటుక ఇల్లు లేస్తుంది.

పెరడూ పొలమూ రెండూ ఉన్నవాళ్లే ఒకప్పుడు ఊళ్లో పూర్తి హక్కుదారులు. ప్రాంతాన్ని బట్టి వాళ్లను సికెప్ అనో గోగొల్ అనో కూలి కెన్‌చెంగ్ అనో పిలిచేవారు. ఒక్క పెరడే ఉన్నవాళ్లు ఒక మెట్టు కింద. పరాయి పెరట్లో గుడిసె వేసుకున్నవాళ్లు ఇంకా కింద, వాళ్లకు ఊరి వ్యవహారాల్లో మాట లేదు. జావా పల్లెను అందరూ సమానంగా బతికిన చోటుగా చెప్పే కథలు తరచూ వినిపిస్తాయి. ఈ మెట్ల పేర్లు వింటే చాలు, ఆ కథ నిలవదు. అయితే పై మెట్టు మీద ఉన్నవాడి నెత్తిన బరువూ ఎక్కువే. రాజుకు వెట్టి, రోడ్డు పని, కాలవ పూడిక, అన్నీ పొలం ఉన్నవాడే మోయాలి. పొలం అంటే హక్కు ఎంతో బాధ్యతా అంతే.

కైఫీయతుల దొర జావాకు వెళ్లాడు

1811లో ఇంగ్లీషువారు డచ్చివారి నుంచి జావాను పట్టుకున్నప్పుడు ఆ దండుతో వెళ్లినవారిలో కాలిన్ మెకంజీ ఒకడు. కావలి సోదరుల సాయంతో తెలుగు గ్రామాల చరిత్రలైన కైఫీయతులు రాయించిన మెకంజీయే. లెఫ్టినెంట్ గవర్నరుగా కూర్చున్న స్టాంఫర్డ్ రాఫెల్స్ ఆయనకు అప్పగించిన పని, జావాలో భూమి ఎవరిదో తేల్చే సంఘానికి పెద్దగా ఉండటం. 1813లో రాఫెల్స్ భూమి శిస్తు ప్రవేశపెట్టాడు. మొదట ఊరిపెద్దలతో ఒప్పందం అన్నాడు, మరుసటి ఏడాదికల్లా మద్రాసు రైత్వారీ ధోరణిలో రైతు రైతుకూ విడిగా శిస్తు కట్టాలన్నాడు. మంచి మాగాణికి పంటలో సగం, మధ్యరకానికి ఐదింట రెండు వంతులు, నాసి నేలకు మూడో వంతు. సర్వే చేసే మనుషులు లేరు, కొలతలు లేవు. కాగితం మీద రైతు పేరు ఉన్నా, ఎవరు ఎంత కట్టాలో తేల్చింది చాలాచోట్ల ఊరిపెద్దే. మనకు రైత్వారీ తెచ్చిన మన్రో పేరుతో తెలిసిన కథకు సముద్రం అవతల నడిచిన అధ్యాయం ఇది. తెలుగులో దీని గురించి రాసింది తక్కువ.

డచ్చివారు తిరిగొచ్చి 1830లో ఇంకో పద్ధతి పెట్టారు. ఊరి పొలంలో ఐదో వంతు చెరకుకో నీలిమందుకో కేటాయించాలి, పండించింది ప్రభుత్వానికి ఇవ్వాలి. చాలా చోట్ల ఐదో వంతు అన్నది మాటవరసకే. పని బరువు పొలం ఉన్నవాళ్ల మీద పడేది కాబట్టి కొన్ని ఊళ్లు ఒక ఉపాయం పట్టాయి: పొలాన్ని ఇంకొందరికి పంచితే వెట్టి కూడా పంచుకుపోతుంది. అలా మాగాణి ఊరుమ్మడి అయింది, కొన్నిచోట్ల ఏటా మడులు చేతులు మారేవి. బయటివాళ్లు దీన్ని జావా ప్రాచీన సమష్టి జీవనంగా చూసి మురిశారు. దానిలో చాలా భాగం వలస ప్రభుత్వపు బరువును పంచుకోవడానికి పుట్టిన ఏర్పాటు. 1870 భూమి చట్టం, ఎవరిదని రుజువు కాని నేలంతా ప్రభుత్వానిదే అంది. అక్కడినుంచి పంచదార కంపెనీలు రైతుల మాగాణిని కౌలుకు తీసుకుని వరి తర్వాత చెరకు, చెరకు తర్వాత వరి తిప్పాయి.

ఊరి ఉద్యోగులకు జీతం బదులు ఇచ్చే పొలం మాత్రం ఈ మార్పులన్నిటినీ దాటుకుని నిలబడింది. దాన్ని బెంగ్‌కొక్ అంటారు. ఊరిపెద్ద, చరిక్ అనే కరణం, నీళ్లు చూసే ఉలు-ఉలు, మసీదు పనులు చూసే మొదిన్, ఒక్కొక్కరికీ పదవిలో ఉన్నంతకాలం కొంత మాగాణి. కరణం మాన్యం, మునసబు మాన్యం గుర్తున్న తెలుగువాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఆంధ్రలో ఆ పదవులే 1984లో రద్దయ్యాయి. జావాలో ఊరిపెద్ద ఎన్నికల్లో గెలిచి వస్తాడు, పదవీకాలం 2024 సవరణతో 6 ఏళ్ల నుంచి 8 ఏళ్లయింది, చాలా ఊళ్లలో బెంగ్‌కొక్ ఇంకా ఉంది. ఊళ్లో అందరికన్నా పెద్ద కమతం ఒక్కోసారి ఈ పదవిదే. ఎన్నికల్లో చేతులు మారే డబ్బు ఎందుకంత అని ఆశ్చర్యపోయేవాళ్లు ఆ పొలాన్ని ఒకసారి లెక్కేసుకుంటే చాలు.

కావడి ఒకరికి, బుట్ట ఒకరికి

పంపకాల దగ్గర జావాలో రెండు నానుళ్లు పోటీపడతాయి. 'సపికుల్ సగెన్‌దొంగ్' అంటే కొడుక్కి కావడి, కూతురికి వీపు మీద బుట్ట. కావడికి రెండు వైపులా బరువు ఉంటుంది, అంటే కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒకటి. ఇది ఇస్లాం చెప్పిన లెక్కకు సరిపోతుంది. రెండోది 'దున్‌దుమ్ కుపత్', అందరికీ సమానంగా. ఏ ఊళ్లో ఏది అన్నదానికన్నా, ఏ ఇంట్లో ఏది అన్నది సరైన ప్రశ్న. తల్లిదండ్రులు బతికుండగానే పిల్లల పెళ్లిళ్లప్పుడు తలా కాస్తా ఇచ్చేస్తే తర్వాత ఏ లెక్కా అడ్డురాదు. కడదాకా చూసుకున్న పిల్లకో పిల్లాడికో, తరచుగా ఆఖరివాళ్లకు, ఇల్లు దక్కుతుంది. పెంచుకున్న బిడ్డ 'రెండు ఊటల్లో నీళ్లు తోడుకుంటుంది' అంటారు: కన్నవాళ్ల దగ్గరా పెంచినవాళ్ల దగ్గరా భాగం ఉంటుందని.

పెళ్లికి ముందు తెచ్చుకున్నది ఎవరిది వారిది, కాపురంలో సంపాదించింది గోనో-గిని, ఇద్దరిదీ. 1974 వివాహ చట్టం, 1991లో వచ్చిన ఇస్లామిక్ న్యాయ సంకలనం ఈ ఆచారాన్ని రాతలో పెట్టాయి. విడిపోతే చెరి సగం. చట్టంలో ఈ మాట ఉన్నందుకు జావా ఆడవాళ్లకు బేరం చేసే బలం కొంత ఉంది.

ఇక లెక్క చూద్దాం. ఒక బాహు 175 సెంట్లు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, కావడి-బుట్ట లెక్కన ఆరు పాళ్లు. కొడుక్కి 58 సెంట్లు, కూతురికి 29. ఇంకో తరం ఇలాగే తిరిగితే ఆ 29 సెంట్లలో ఒక మనవరాలికి ఐదు సెంట్లు కూడా రాదు. అందుకే అసలు పంచరు. ఒకరు దున్నుతారు, మిగతావాళ్లకు గింజలో భాగం పంపుతారు. లేదా తోబుట్టువులకే అమ్మేస్తారు. పట్నం వెళ్లినవాళ్ల భాగం ఊళ్లో ఉన్నవాళ్లకు సంగోరు అవుతుంది. పంటను సగం సగం పంచుకునే సంగోరును వాళ్లు మారో అంటారు. ఖర్చులు ఎవరు పెట్టారన్నదాన్ని బట్టి మూడో వంతూ నాలుగో వంతూ కూడా ఉంటాయి.

అరచేతిలో కత్తి

పాత కోతల్లో వాడిన అని-అని అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తి. ఒక్కో కంకినీ వేళ్లతో పట్టి కోయాలి. పెద్ద కత్తి చూస్తే వరి తల్లి దేవి శ్రీ బెదురుతుందని చెప్పేవారు. దాని అసలు గుణం వేరే ఉంది. దానితో ఒక మడి కోయాలంటే చాలామంది కావాలి. కోతకు వచ్చిన ఆడవాళ్లను కాదనడం ఆసామికి కుదరదు. ఎంత కోస్తే అందులో పదో వంతో ఎనిమిదో వంతో బావొన్ కింద వాళ్లకు. దగ్గర చుట్టాలకు ఇంకాస్త పెద్ద పాలు. సెంటు మాగాణి లేని మనిషికి ఏటా కొన్ని నెలల తిండి అలా సమకూరేదంటే ఆ మడిలో ఆమెకు హక్కు ఉన్నట్టే. దస్తావేజులో రాయని హక్కు.

1960లో వచ్చిన మూల భూమి చట్టం వలసకాలపు చట్టాలను తీసేసి 'హక్ మిలిక్' అనే సొంత హక్కు ఇచ్చింది. స్థిరపడిన గోగొల్ హక్కులు సొంత హక్కుగా మారాయి. జనం కిక్కిరిసిన చోట మాగాణికి గరిష్ఠ పరిమితి 5 హెక్టార్లు. ఏడేళ్లు దాటిన తాకట్టు పొలాన్ని డబ్బు అడగకుండా తిరిగి ఇవ్వాలి. సంగోరు పద్ధతికీ అదే ఏడు చట్టం వచ్చింది. అమలు నత్తనడకన సాగుతుంటే 1963 నుంచి కమ్యూనిస్టు రైతు సంఘాలు మిగులు పొలాలను తామే ఆక్రమించడం మొదలుపెట్టాయి. 1965-66లో కమ్యూనిస్టుల మీద జరిగిన నరమేధంలో కనీసం 5 లక్షల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా, మధ్య, తూర్పు జావా పల్లెలు అందులో ఘోరంగా దెబ్బతిన్నాయి. తర్వాత దశాబ్దాల పాటు 'భూసంస్కరణ' అన్న మాట పలకడమే ప్రమాదం. చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.

ఆ నిశ్శబ్దంలోకి హరిత విప్లవం వచ్చింది. పొట్టి వరి రకాలు, ఎరువు, అప్పు కలిపి ఇచ్చే బిమాస్ పథకం, ఏడాదికి రెండు మూడు పంటలు. 1984లో దేశం బియ్యంలో స్వయం సమృద్ధి సాధించింది. అది చిన్న విజయం కాదు. కానీ పొట్టి రకాలను కొడవలితో కోయవచ్చు. కొడవలికి తక్కువ మంది చాలు, వాళ్లు మగవాళ్లయినా పర్వాలేదు. ఇదే సమయంలో తెబాసన్ పెరిగింది: కోతకు వారం పది రోజుల ముందే చేను మీద పంటను గుత్తగా ఒక వ్యాపారికి అమ్మేయడం. దీనివల్ల ఆసామికి ఒరిగేది డబ్బు తొందరగా రావడం ఒక్కటే కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ల మొహం మీద వద్దని అతను చెప్పలేడు. పొరుగూరి వ్యాపారి చెప్పగలడు. కాదనే పనిని అమ్మేయడమే తెబాసన్‌లోని సూక్ష్మం. 1970ల మొదట్లోనే ఊరూరా బియ్యం మిల్లులు వచ్చి దంపుళ్ల పని కూడా కొన్నేళ్లలోనే పోయింది. దంచినవాళ్లూ ఆడవాళ్లే.

బావొన్ పూర్తిగా చావలేదు. కెడోకన్ పేరుతో బిగుసుకుంది. నాటు వేసి, కలుపు తీసి, అందుకు కూలి అడగకుండా ఉంటేనే కోతకు రానిస్తారు. మొదట్లో చూసిన మడిలో ముగ్గురు ఆడవాళ్లు చేసింది అదే. ఒకప్పుడు కోతతోనే దొరికిన పాలు ఇప్పుడు మూడు పనులకు దొరుకుతోంది. కోత యంత్రం వచ్చిన ఊళ్లలో ఆ బేరం కూడా సాగదు.

డబ్బాలో పిడికెడు బియ్యం

పొలం బయట పంచుకోవడం ఇంకా గట్టిగానే ఉంది. జపాన్ ఆక్రమణ కాలంలో నిఘా కోసం పెట్టిన ఇరుగుపొరుగు సంఘాలే ఇప్పుడు ఎర్తే పేరుతో ఊరి జీవితానికి ఇరుసు. కొన్నిచోట్ల ఇంటి ముందు చిన్న డబ్బా వేలాడుతుంది. అందులో పిడికెడు బియ్యమో నాణేలో వేస్తే రాత్రి గస్తీ తిరిగేవాళ్లు పోగుచేసి ఊరి ఖర్చులకు వాడతారు. దాన్ని జింపితన్ అంటారు. నెలనెలా ఆడవాళ్లు వేసుకునే అరిసాన్ మన చీటీలే, పాట ఉండదు, లాటరీ తీస్తారు. చావు తర్వాత మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, వందో రోజు, చివరికి వెయ్యో రోజు దాకా స్లామెతన్ భోజనాలు. పెళ్లిలో ఇచ్చింది పుస్తకంలో రాసిపెట్టుకుని ఎదుటివాళ్ల పెళ్లికి తిరిగి ఇవ్వడం మన చదివింపుల్లాంటిదే. పెళ్లిళ్లు ముసురుకునే బెసార్ నెలలో కూలి కుటుంబాలు చదివింపులకే అప్పు చేస్తాయి.

ఈ పంచుకోవడానికి ఇంకో ముఖం ఉంది. 1998 ఆర్థిక సంక్షోభం తర్వాత నిరుపేదలకని వచ్చిన చవక బియ్యాన్ని జావాలో చాలా ఊళ్లు జాబితా పక్కన పెట్టి ఇంటింటికీ సమానంగా పంచాయి. 'బాగి రోతో', అందరికీ సమంగా, అన్నది వాళ్ల సూత్రం. ఊళ్లో గొడవ రాలేదు, కానీ పేద ఇంటికి రావలసిన బియ్యం తరిగింది. కోతలో పాలు పోయిన మనిషికి బియ్యంలోనూ పాలు తగ్గిందన్నమాట. ఊరి ఐకమత్యాన్ని పొగిడే ముందు ఈ లెక్క కూడా చూడాలి.

కాగితం

ఊరి కార్యాలయంలో ఉండే లెటర్ సి పుస్తకం, దాని ఆధారంగా ఇచ్చే గిరిక్, పెతొక్ కాగితాలు నిజానికి శిస్తు లెక్కలు. అడంగల్లో పేరుంటే పొలం నాదే అనుకునే మన అలవాటే అక్కడా. 2017లో మొదలైన సామూహిక రిజిస్ట్రేషన్ పథకంలో ఊళ్లకు ఊళ్లే కొలిచి పత్రాలు ఇస్తున్నారు. పక్క పొలాలవాళ్ల ఎదుట హద్దురాళ్లు వేసుకోవాలి, ముందు ఏర్పాట్లకు జావాలో లక్షన్నర రూపియాలకు మించి తీసుకోకూడదు. 2021 నిబంధన ప్రకారం ఐదేళ్ల గడువు తర్వాత, అంటే 2026 ఫిబ్రవరి నుంచి, పాత గిరిక్ వంటివి హక్కుకు రుజువుగా చెల్లవు. ఆనవాలుగా మాత్రమే చూస్తారు.

పత్రం వల్ల మేలు లేదని ఎవరూ అనలేరు. బ్యాంకు అప్పు పుడుతుంది, దొంగ అమ్మకాలు తగ్గుతాయి, రోడ్డు వేస్తే పరిహారం వస్తుంది. తూర్పు జావా తుబాన్ జిల్లాలో సుముర్‌గెనెంగ్ అనే ఊరికి 2021లో చమురు శుద్ధి కర్మాగారం కోసం తీసుకున్న పొలాలకు పరిహారం అందగానే ఊరివాళ్లు కొన్న కొత్త కార్లు 176 అని పత్రికలు లెక్కించాయి. ఏడాది తిరక్కుండానే అదే ఊళ్లో కొందరు పని లేక ఇబ్బంది పడుతున్నారని, పశువులు అమ్ముకుని తింటున్నారని వార్తలొచ్చాయి. కార్ల ఫొటోలు అందరూ చూశారు. ఆ పొలాల్లో నాట్లు వేసి, కోతలకు వెళ్లి గింజలు తెచ్చుకున్నవాళ్లు ఏ ఫొటోలోనూ లేరు. పరిహారపు పట్టికలో నేలకూ ఇంటికీ చెట్టుకూ గడులు ఉంటాయి. కోత పాలుకు గడి ఉండదు.

తండ్రి పేరు మీద ఉన్న ఆ 44 సెంట్ల కాగితం మార్చాలంటే వారసులందరి సంతకాలూ కావాలి. అందరూ ఒక చోట కలిసేది రంజాన్ పండక్కే. లెబారన్ అని పిలిచే ఆ వారంలో జకార్తా వంటి నగరాల నుంచి కోట్ల మంది ఊళ్లకు వస్తారు, బస్సులూ రైళ్లూ కిటకిటలాడతాయి. పండగ మర్నాడు, పెద్దల కాళ్లకు మొక్కడాలు అయ్యాక, ముందుగదిలో చాప పరిచి కూర్చున్నప్పుడు ఆ మాట వస్తుంది. అన్న తన పేరు రాయమంటాడు, చెల్లెలు తన భాగం విడిగా కొలవమంటుంది, తాకట్టు విడిపించేది ఎవరన్న దగ్గర కాస్త గొంతులు లేస్తాయి. సంగోరు రైతు ఆ ఇంటికి పండగ పలకరింపుకు వచ్చి, మాటల్లో విషయం అర్థమై, టీ తాగి లేస్తాడు. నాట్లు వేసిన ముగ్గురినీ ఎవరూ పిలవలేదు.